తెగిన చోటు వేరు, తప్పిన చోటు వేరు: ఓసు తైకోలో ఒక ఓని లెవెల్‌పై తొమ్మిది వారాల సాధకం

1వ రోజు

ఏడాది పాటు తప్పించుకుంటూ వచ్చిన లెవెల్‌ను ఈ రోజు నుంచి పద్ధతిగా సాధించాలని నిర్ణయించుకుని ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఆట పేరు ఓసు. ఆస్ట్రేలియాకు చెందిన డీన్ హెర్బర్ట్ 2007లో విడుదల చేసిన ఈ ఉచిత రిథమ్ గేమ్‌లో నాలుగు విధానాలుండగా, నేను ఆడేది తైకో. జపాన్‌లో నామ్కో సంస్థ 2001లో ఆర్కేడ్‌లలోకి తెచ్చిన డోలు ఆట తైకో నో తత్సుజిన్‌ను అనుసరించి తయారైన విధానం ఇది. పాట సాగుతుండగా కుడివైపు నుంచి చుక్కలు వరుసగా వచ్చి ఎడమవైపున్న వలయాన్ని చేరుకుంటాయి. ఎర్రచుక్క వస్తే డోలు నడిబొడ్డున కొట్టాలి, దాన్ని దోన్ అంటారు. నీలిచుక్క వస్తే అంచున కొట్టాలి, అది కత్. కీబోర్డుపై నేను ఎఫ్, జె కీలను దోన్‌కూ, డి, కె కీలను కత్‌కూ పెట్టుకున్నాను, కాబట్టి ప్రతి చేతికీ ఒక ఎరుపు, ఒక నీలం దక్కుతాయి.

కష్టాన్ని బట్టి లెవెళ్లకు కంతన్, ఫుత్సూ, ముజుకషీ, ఓని అని జపనీస్ పేర్లున్నాయి. మొదటి మూడింటికి సులభం, సాధారణం, కష్టం అని అర్థం. ఓని అంటే జానపద కథల్లోని రాక్షసుడు. ముజుకషీలు నాకిప్పుడు ఇబ్బంది పెట్టడం లేదు. ఎంచుకున్న ఓని లెవెల్ 180 బీపీఎం (నిమిషానికి 180 దరువులు) పాటపై కట్టినది, నిడివి 2 నిమిషాల 10 సెకన్లు, చుక్కలు 780. దట్టమైన భాగాల్లో దరువుకు నాలుగు చుక్కల చొప్పున వస్తాయి కనుక చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం 83 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు పన్నెండు దెబ్బలు. తైకోలో ప్రాణరేఖ ఖాళీగా మొదలై, పాట ముగిసేసరికి సగం దాటితే ఉత్తీర్ణులైనట్టే; ఆ మేరకు ఈ లెవెల్‌ను నేను ఇప్పటికే గట్టెక్కాను. నాకు కావలసింది ఒక్క మిస్ కూడా లేని పూర్తి కాంబో, అంటే మొదటి నుంచి చివరి దాకా తెగని దెబ్బల వరుస, 97 శాతానికి తగ్గని కచ్చితత్వం.

రోజుకు నలభై అయిదు నిమిషాలు మాత్రమే ఆడాలని, ప్రతి ప్రయత్నం తరువాత కాంబో ఎక్కడ తెగిందో, సగటున ఎన్ని మిల్లీసెకన్లు ముందుగానో ఆలస్యంగానో కొట్టానో నోటుబుక్కులో రాయాలని నియమం పెట్టుకున్నాను.

4వ రోజు

మొదటి రెండు రోజుల లెక్కలను కొట్టివేశాను, ఎందుకంటే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో ఆడాను. వాటిలో శబ్దం సాధారణంగా నూరు మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా చెవిని చేరుతుంది. చుక్కల మధ్య ఎడమే 83 మిల్లీసెకన్లున్న చోట అంత ఆలస్యంతో ఆడటమంటే ఒక చుక్క వెనకబడి ఆడటమే. వైరున్న ఇయర్‌ఫోన్లకు మారాక అసలు అంకెలు బయటపడ్డాయి: ఇరవై ప్రయత్నాల్లో కచ్చితత్వం 91 శాతం చుట్టూ తిరుగుతోంది, మిస్‌లు పదిహేను నుంచి ఇరవై, దెబ్బలు సగటున 14 మిల్లీసెకన్లు ముందుగా పడుతున్నాయి, అన్‌స్టేబుల్ రేట్ 160. దెబ్బల చెదురు ఎంతో ప్రామాణిక విచలనంలో లెక్కగట్టి, దాన్ని పదితో హెచ్చించి ఈ ఆట చూపే అంకె అది. అంటే నా చెదురు 16 మిల్లీసెకన్లు.

ఈ రెండు అంకెలను కలిపి చదివినప్పుడే వాటి అర్థం తెలుస్తుంది. ఈ లెవెల్‌కు కచ్చితత్వపు స్థాయి 6గా ఉంది; ఆ స్థాయిలో దెబ్బ సరైన క్షణానికి ఇటూ అటూ 32 మిల్లీసెకన్ల లోపు పడితే గ్రేట్, 74 లోపు పడితే సగం విలువ ఉండే ఓకే, అది దాటి 90 లోపు పడితే మిస్. నా చెదురు 16 కాబట్టి, సగటు సరిగ్గా సున్నా వద్ద ఉంటే నూటికి అయిదు దెబ్బల కన్నా తక్కువే గ్రేట్ హద్దు దాటుతాయి. సగటు 14 మిల్లీసెకన్లు ముందుకు జరగడం వల్ల ఎనిమిదింట ఒక దెబ్బ హద్దు దాటుతోంది. చేతుల్లో నిలకడ లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిలకడ చాలినంత ఉంది. మొత్తం గుంపే పక్కకు జరిగి ఉంది.

జరిగింది కంప్యూటర్ వల్లా, నా వల్లా అన్నది తేల్చుకోవడానికి 110 బీపీఎం ఉన్న తేలిక పాటను అయిదుసార్లు ఆడాను. అందులో సగటు 3 మిల్లీసెకన్లు మాత్రమే ముందుంది. కనుక శబ్దానికీ ఆటకూ మధ్య తేడాను సరిచేసే ఆఫ్‌సెట్ సర్దుబాటు చేసి చేతులు దులుపుకునే వ్యవహారం కాదిది. దట్టమైన భాగం రాగానే నేను తొందరపడుతున్నాను. మెట్రోనోమ్‌కు వేలితో తాళం వేయమంటే మనుషులు సాధారణంగా శబ్దానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే వేస్తారని లయపై జరిగిన పరిశోధనల్లో ఎన్నోసార్లు తేలింది, శిక్షణ పొందిన సంగీతకారుల్లో ఆ తేడా తక్కువగా ఉంటుంది. ముందుపడటం నా ఒక్కదాని బలహీనత కాదని తెలిసి కొంత స్థిమితపడ్డాను.

11వ రోజు

కష్టమైన భాగం వస్తే వేగం తగ్గించి ఆడమని అందరూ చెప్పే సలహాను వారం పాటు శ్రద్ధగా పాటించాను. హాఫ్ టైమ్ పెడితే పాట ముప్పావు వేగంతో, అంటే 135 బీపీఎంతో నడుస్తుంది. దట్టమైన భాగాల్లో ఎడం 83 నుంచి 111 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. మూడో రోజుకే అక్కడ 97 శాతం వచ్చింది. మామూలు వేగానికి తిరిగి వస్తే మళ్లీ 91 శాతమే, మిస్‌లు కూడా దాదాపు అవే చోట్ల.

నెమ్మదైన సాధకం పనికిరాదని అనడం లేదు. ఏ రంగు తరువాత ఏ రంగు వస్తుందో దానివల్లే నాకు కంఠతా వచ్చింది. కానీ 111 మిల్లీసెకన్ల ఎడంలో నా వేళ్లు ప్రతి దెబ్బనూ విడిగా ఎత్తి విడిగా వేస్తున్నాయి. 83 వద్ద అలా వేయడం సాధ్యం కాదు, నాలుగైదు దెబ్బలు ఒకే విసురులో ఒక మాటలా పలకాలి. నడకను ఎంత సాధన చేసినా పరుగు రానట్టే, ఆ రెండూ వేరువేరు కదలికలు. అందుకే పద్ధతిని తిరగేశాను: వేగం తగ్గించడానికి బదులు ముక్క నిడివి తగ్గించాను. లెవెల్‌ను ఏ చోటు నుంచైనా ఆడనిచ్చే ఆటలోని ఎడిటర్‌లో దట్టమైన భాగం వద్దకు వెళ్లి, పూర్తి వేగంతోనే, చివరి రెండు దరువులను మాత్రమే పదిసార్లు తొట్రుపాటు లేకుండా వచ్చేదాకా ఆడాను. తరువాత వాటికి ముందున్న ఒక దరువును కలిపాను. ఆ తరువాత మరొకటి. వెనుక నుంచి ముందుకు కట్టుకుంటూ వస్తే, ఎక్కడ మొదలుపెట్టినా చేతులు బాగా తెలిసిన చోటు వైపే ప్రయాణిస్తాయి. వేగం తగ్గించక తప్పని చోట ఆటలోని జారుడు మీటతో 0.9కి దించుతున్నాను, అంతకు కిందికి దించడం లేదు.

16వ రోజు

ఈ రోజు నేర్చుకున్నది మా తమ్ముడి పుణ్యమే. పక్క గదిలో చదువుకుంటున్న వాడు వచ్చి, “అక్కా, పాట నాకు వినపడదు గానీ నీ కీబోర్డు చప్పుడు వినపడుతుంది, అందులో ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా పడుతోంది,” అన్నాడు. ఫోన్‌ను కీబోర్డు పక్కన పెట్టి రికార్డు చేసి, పాట లేకుండా కీల చప్పుడు మాత్రమే విన్నాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నేను చేతులు మార్చి మార్చి కొడతాను కాబట్టి దెబ్బలు కుడి, ఎడమ, కుడి, ఎడమ అని సాగాలి. వినడానికి అవి జతలు జతలుగా, కుడి తరువాత ఎడమ మరీ దగ్గరగా, ఆ తరువాత కొంచెం ఖాళీగా, కుంటుతూ పడుతున్నాయి. ఎడమ చెయ్యి తన వంతు కోసం ఆగకుండా కుడిచేతి వెంటే దూకేస్తోంది. సగటు ముందుకు జరగడానికి ఒక కారణం స్పష్టంగా దొరికింది.

ఇకపై రోజులో మొదటి పది నిమిషాలు ఎడమ చేతితో మొదలుపెట్టి, ఒకే రంగున్న చుక్కల వరుసలను ఆడాలని నిర్ణయించుకున్నాను. మూడు చుక్కల గుంపులూ అయిదు చుక్కల గుంపులూ బేసి సంఖ్యలు కాబట్టి, చేతులు మార్చి ఆడేవారికి ఒక గుంపు కుడితో మొదలైతే తరువాతది ఎడమతో మొదలవుతుంది. ఎడమ చేతికి ముందు నడవడం రాకపోతే గుంపుల్లో సగం బలహీనమైనట్టే.

22వ రోజు

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అతి విలువైన రోజు ఇదే అనుకుంటున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

నోటుబుక్కులో కాంబో తెగిన చోట్లను గుర్తించి చూస్తే, మిస్‌లలో దాదాపు సగం 1 నిమిషం 22 సెకన్ల వద్ద ఒకే చుక్కపై పడ్డాయి. ఆ చుక్క అసలు కష్టమైనదే కాదు: దరువు తలపై నిలబడిన, ముందూ వెనుకా గందరగోళం లేని ఒంటి ఎర్రచుక్క. పది రోజులుగా ఆ చుక్కనే సాధన చేస్తూ, ప్రతిసారీ విడిగా అది సరిగా రావడం, పాటలో మాత్రం తెగిపోవడం చూస్తూ విసిగిపోయాను. ఈ రోజు రీప్లేను ఆపి, వెనక్కి జరిపి, ఆ చుక్కకు ముందున్న దరువును కూడా చూశాను. అక్కడ పాట దరువుకు నాలుగు చుక్కల నుంచి మూడు చుక్కలకు మారుతోంది. నాలుగుంటే ఎడం 83 మిల్లీసెకన్లు, మూడుంటే 111. నా చేతులు ఆ మార్పును గమనించకుండా పాత ఎడంతోనే సాగిపోతున్నాయి.

ఇక్కడి లెక్క చాలా ముచ్చటైనది. మూడింటిలో మొదటి చుక్క దరువు తలపై ఉంది కాబట్టి సరిగానే పడుతుంది. రెండవది 111 వద్ద ఉండగా నేను 83 వద్ద కొడుతున్నాను, 28 ముందు. గ్రేట్ హద్దు 32 కాబట్టి ఆట దాన్ని తప్పుగా చూపదు. మూడవది 222 వద్ద ఉండగా నా దెబ్బ 167 వద్ద పడుతుంది, 55 ముందు. అది ఓకే, కాంబో తెగదు. ఆ వెంటనే నా చేతులు అలవాటుగా నాలుగో దెబ్బను 250 వద్ద వేస్తాయి, అయితే తరువాతి చుక్క 333 వద్ద ఉంది; 83 ముందు పడటం వల్ల అది మిస్. కాబట్టి తప్పు మొదలైంది రెండు చుక్కల ముందు, తెర మీద కనబడింది మాత్రం ఏ పాపమూ ఎరగని ఆ ఒంటి ఎర్రచుక్క వద్ద. పది రోజుల సాధకం తెగిన చోటుపై జరిగింది, తప్పిన చోటుపై కాదు.

రెండు రోజుల పాత రీప్లేలు కూడా తీసి మిగిలిన మిస్‌లను ఇదే కంటితో చూశాను. ఇరవై మిస్‌లలో పదమూడింటికి అసలు మూలం రెండు నుంచి ఆరు చుక్కల ముందు ఉంది. నోటుబుక్కులో ఈ రోజు నుంచి రెండు గడులు గీశాను: ఒకటి తెగిన చోటు, రెండవది దెబ్బలు ముందుకో వెనక్కో జరగడం మొదలైన చోటు.

25వ రోజు

నాలుగు నుంచి మూడుకు మారే ఆ చోటును చూడగానే చిన్నప్పుడు మూడేళ్లు నేర్చుకుని వదిలేసిన మృదంగం గుర్తుకు రావలసింది, ఇరవై రెండు రోజులు పట్టింది. చతురశ్ర నడక నుంచి తిశ్ర నడకకు మారడమే అది. మా గురువుగారు మృదంగాన్ని ముట్టుకోనివ్వకుండా ముందు నోటితో చెప్పించేవారు: చేత్తో తాళం వేస్తూ, రెండు దెబ్బలకు తకధిమి, తకధిమి, తరువాతి రెండు దెబ్బలకు తకిట, తకిట, మళ్లీ తకధిమి. నడక మారినప్పుడు తాళం వేసే చెయ్యి జంకితే మొదటి నుంచి చెప్పమనేవారు. ఎందుకంటే దెబ్బల మధ్య ఎన్ని అక్షరాలు ఇమిడినా తాళం వేగం మారకూడదు, అక్షరాలే తమను తాము సర్దుకోవాలి.

నాకు సంతోషం కలిగించిన విషయం, జపాన్ డోలు సంప్రదాయంలోనూ ఇదే పద్ధతి ఉండటం. అక్కడ దరువులను నోటితో పలికి నేర్పే విధానాన్ని కుచి షోగా అంటారు. దోన్, దోకో, కా, కారా వంటి అక్షరాలతో వాద్యభాగాన్ని ముందు నాలుకపైకి ఎక్కిస్తారు. ఆటలోని దోన్, కత్ అనే పేర్లు కూడా ఆ పలుకుల నుంచి వచ్చినవే.

60 బీపీఎంతో మొదలుపెట్టి రోజూ పావుగంట కీబోర్డు ముట్టకుండా నోటితో చెబుతున్నాను. 180 వద్ద సెకనుకు పన్నెండు అక్షరాలు పలకడానికి నా నాలుక చాలదు, కాబట్టి అక్కడ ప్రతి దరువుకూ మొదటి అక్షరం మాత్రం పైకి పలికి మిగిలినవి మనసులో అనుకుంటున్నాను. ఎడమ చేతితో తొడపై తాళం, నోటితో జతి, కళ్లు రీప్లే మీద. నడక మారే దరువుకు ముందే తకిట అని మనసులో మెదలడం ఈ రోజు మొదటిసారి జరిగింది.

29వ రోజు

చూపు గురించి ఒక గమనిక. వలయం మీదనే కళ్లు పెట్టి ఆడుతున్నానని, కొట్టే చుక్కనే చూస్తున్నానని తెలిసింది. చూపును వలయానికి కుడివైపు సుమారు మూడు అంగుళాల దూరంలో నిలిపితే రాబోయే దరువు మొత్తం ఒకే బొమ్మగా కనబడుతుంది, నాలుగు నుంచి మూడుకు మారేచోట చుక్కల ఎడం పెరగడం ముందుగానే తెలుస్తుంది. మొదటి రెండు రోజులు కచ్చితత్వం 88కి పడిపోయింది, తరువాత కోలుకుంది.

34వ రోజు

ఎడమ ముంజేయి నిన్న రాత్రి నుంచి సలుపుతోంది. మూడు రోజులు ఆట ఆపాను. కుర్చీ ఎత్తు పెంచి, మణికట్టు బల్ల అంచుకు ఆనకుండా సర్దుకున్నాను. ఈ డైరీ చదివి ఎవరైనా ఇలాంటి సాధకం మొదలుపెడితే, నొప్పి ఉన్నప్పుడు ఆడవద్దని నిండు మనసుతో కోరుతున్నాను.

38వ రోజు

విరామం తరువాత మొదటి ప్రయత్నంలోనే 94 శాతం వచ్చింది. చేతి నైపుణ్యాలు సాధకం చేసే గంటల్లోనే కాక ఆ తరువాతి విశ్రాంతిలో, నిద్రలో కూడా స్థిరపడతాయని చదివాను కాబట్టి ఆశ్చర్యం కలగలేదు.

ఈ వారం నుంచి సాధకం క్రమాన్ని మారుస్తున్నాను. 1979లో షీ, మోర్గన్ అనే పరిశోధకులు చేతితో చెక్క అడ్డులను ఒక క్రమంలో పడగొట్టే పనిని మూడు రకాలుగా నేర్పి చూశారు. ఒకే రకాన్ని వరుసగా చేస్తూ పోయినవారు సాధకం సమయంలో బాగా చేశారు. మూడింటినీ కలగలిపి చేసినవారు అప్పుడు వెనుకబడినా, తరువాత పరీక్షించినప్పుడు ఎక్కువ నిలుపుకున్నారు. నేను చేస్తున్నది మొదటి రకమే: ఒక ముక్కను ఇరవైసార్లు, ఆ తరువాత మరో ముక్కను ఇరవైసార్లు. ఇరవయ్యోసారి చేతులు బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, పాటలో ఆ ముక్క ఒక్కసారే, వేరే ముక్క వెనుకే వస్తుంది. కాబట్టి అయిదు కష్టమైన ముక్కలకు చీటీలు రాసి, ఒక్కో చీటీ తీసి ఒక్కోసారి మాత్రమే ఆడుతున్నాను. సాధకం ముగిసేసరికి ఏదీ రానట్టే అనిపించి మనసు చివుక్కుమంటోంది. మర్నాటి మొదటి ప్రయత్నంలో వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకుంటున్నాను.

47వ రోజు

మొదటి ప్రయత్నాల అంకెలు వారంలో 94 నుంచి 96.1 వరకు వచ్చాయి. సగటు 14 మిల్లీసెకన్ల నుంచి 5కు తగ్గింది. అన్‌స్టేబుల్ రేట్ మాత్రం 160 నుంచి 148కే తగ్గింది, అంటే చెదురు పెద్దగా మారలేదు. లాభంలో ఎక్కువ భాగం గుంపు మధ్యకు జరగడం వల్ల వచ్చిందే. మిస్‌లు నాలుగు. నడక మారే చోట వరుసగా మూడు రోజులు తెగలేదు.

తమ్ముడిని పిలిచి మళ్లీ కీల చప్పుడు వినిపించాను. ఇప్పుడు కుడి ఏదో ఎడమ ఏదో తనకు తెలియడం లేదన్నాడు.

56వ రోజు

97.3 శాతం, ఒకే ఒక మిస్. పెట్టుకున్న రెండు గమ్యాల్లో ఒకటి చేరింది. మిస్ పడింది 402వ చుక్కపై, అసలు తప్పు 399 వద్ద: కత్ తరువాత మళ్లీ కత్ రావలసిన చోట ఎడమ చెయ్యి ఎఫ్ వైపు జారి, తిరిగి సర్దుకునేలోగా లయ పోయింది. చీటీల్లో కొత్తగా ఒకటి రాసి చేర్చాను.

61వ రోజు

ఈ రోజు మొదటి ప్రయత్నంలోనే నడక మారే చోటు దాటింది, 402 దాటింది, 600 దాటింది. అంత దూరం కాంబోతో ఎప్పుడూ రాలేదు, గుండె చప్పుడు చెవుల్లో వినబడింది. 731వ చుక్క వద్ద తెగింది. అప్పటికి కచ్చితత్వం 97.8.

వెంటనే మళ్లీ ఆడాలని చేతులు లాగుతున్నా ఆగి రీప్లే తెరిచాను. 731 వద్ద తప్పేమీ కనబడలేదు. వెనక్కి జరిపితే 712 నుంచి దెబ్బలు కొద్దికొద్దిగా ముందుకు జరిగాయి: 9, 13, 18, 22. చివరి భాగం దగ్గరపడిందని తెలిసి తొందరపడిన చోటు అదే. కొత్త చీటీపై 708 నుంచి 733 వరకు అని రాసి డబ్బాలో వేశాను. రేపటి పావుగంట జతిలో తాళం తొడపై కాకుండా బల్లపై, చప్పుడు నాకు వినబడేలా వేయాలి.